మార్టా రైల్లో లైసెన్స్ ఉన్న గన్‌తో వెళ్తుంటే పోలీసు ఆపి కాగితం చూపించమనొచ్చా?

ఆఖరి_రైలు:

అందరికీ నమస్తే. ఉండేది అట్లాంటాలో. గ్రీన్‌కార్డ్ వచ్చి చాలా కాలమైంది, కౌంటీ ప్రొబేట్ కోర్టుకెళ్లి వేలిముద్రలిచ్చి గన్ క్యారీ లైసెన్స్ కూడా తీసుకున్నాను. షాపు మూసేసరికి అర్ధరాత్రి దగ్గరపడుతుంది, కారు మా ఆవిడ డ్యూటీకి తీసుకెళ్తుంది, అంచేత నాకు మార్టా (మా ఊరి మెట్రో) రైలే దిక్కు. ఇన్నాళ్లూ గన్ షాపు లాకర్లోనే పెట్టి వచ్చేవాణ్ణి గానీ స్టేషన్ దిగాక ఇంటిదాకా నడిచే రోడ్డు ఈ మధ్య ఏమీ బాగాలేదు, అందుకే ఇకనుంచి నడుముకి పెట్టుకుని వద్దామనుకుంటున్నా.

జార్జియాలో రైల్లో గన్ తీసుకెళ్లడం చట్టబద్ధమేనని తెలుసు, అది కాదు నా డౌటు. ప్లాట్‌ఫామ్ మీద పోలీసు నా చొక్కా కింద ఉబ్బు చూసి "ఆగు, లైసెన్స్ ఏది" అన్నాడనుకోండి. అలా అడిగే హక్కు ఆయనకుందా? చూపించను అంటే ఏమవుతుంది? గన్ తీసేసుకుంటే మళ్లీ ఇస్తారా? కారు నడిపేవాణ్ణి కేవలం డ్రైవింగ్ లైసెన్స్ ఉందో లేదో చూడ్డానికి ఆపకూడదని ఎక్కడో చదివాను, మరి గన్‌కి ఆ రూలు వర్తించదా? యూట్యూబ్‌లో చూస్తే ఒకడు "నీ హక్కు, అస్సలు తగ్గకు" అంటాడు, ఇంకొకడు "నోరెత్తితే కాల్చేస్తారు" అంటాడు. నా రంగు, నా యాస సంగతి మీకు చెప్పక్కర్లేదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కోర్టుపక్షి:

నేను లాయర్‌ని కాను, లా ఆఫీసులో ఫైళ్లు మోసే ఉద్యోగం, కాబట్టి ఇది సలహా అనుకోకుండా సమాచారం అనుకోండి. మీరడిగిన ప్రశ్న మీద అచ్చంగా మార్టా మీదే ఒక కేసు నడిచింది, అక్కణ్ణించి మొదలుపెడితే మీకు సులువుగా అర్థమవుతుంది.

జార్జియాలో 2008 జూలై 1 దాకా లైసెన్స్ ఉన్నా సరే బస్సుల్లో, రైళ్లలో గన్ తీసుకెళ్లడం నేరం. ఆ రోజు నుంచి చట్టం మారి లైసెన్స్ ఉన్నవాళ్లకి ఓకే అయ్యింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఒకాయన స్టేషన్ పార్కింగ్‌లో కారు దిగి హోల్‌స్టర్ (గన్ పెట్టుకునే ఒర) నడుముకి పెట్టుకోవడం మార్టా పోలీసులు చూశారు. లోపలికి రాగానే ఆపారు, గన్ తీసుకున్నారు, లైసెన్స్ అడిగారు, వివరాలన్నీ చెక్ చేసి ఆ తర్వాత వదిలేశారు. ఆయన దగ్గర లైసెన్స్ ఉంది, వేరే తప్పేమీ చేయలేదు, దాంతో ఫెడరల్ కోర్టుకెళ్లాడు. 2009లో జడ్జి ఆ ఆపడం రాజ్యాంగ విరుద్ధం కాదని మార్టా వైపే తీర్పిచ్చాడు.

ఎందుకంటే, పోలీసు మిమ్మల్ని కొద్దిసేపు ఆపాలన్నా నేరం జరుగుతోందనో జరగబోతోందనో సహేతుకమైన అనుమానం ఉండాలి. ఇది సుప్రీంకోర్టు 1968లో టెర్రీ వర్సెస్ ఒహాయో కేసులో పెట్టిన గీత. అయితే అప్పటి జార్జియా చట్టాన్ని జడ్జి ఎలా చదివాడంటే, గన్ దాచుకుని తిరగడమే నేరం, లైసెన్స్ అనేది నిందితుడు కోర్టులో చూపించుకోవాల్సిన రక్షణ. అంటే గన్ కనబడిందంటే నేరం కనబడినట్టే, లైసెన్స్ సంగతి తర్వాత తేల్చుకోవచ్చు. వినడానికి తలకిందుల లాజిక్‌లా ఉంటుంది గానీ ఫ్లోరిడా కేసొకదాంట్లో 2012లో పదకొండో సర్క్యూట్ కోర్టు (కొన్ని రాష్ట్రాలకి కలిపి ఉండే ఫెడరల్ అప్పీలు కోర్టు) కూడా ఇదే దారి పట్టింది. జార్జియా ఆ సర్క్యూట్ కిందికే వస్తుంది.

వేరే చోట్ల మాత్రం కోర్టులు రివర్స్‌లో వెళ్లాయి. 2000లో మూడో సర్క్యూట్, 2013లో నాలుగో సర్క్యూట్, 2015లో ఆరో సర్క్యూట్ ఇంచుమించు ఒకే మాట చెప్పాయి: గన్ పెట్టుకోవడం చట్టబద్ధమైన చోట గన్ ఉందన్న ఒక్క కారణంతో మనిషిని ఆపడానికి వీల్లేదు. ఆ 2015 కేసు టొలీడోలో కుక్కని వాకింగ్‌కి తీసుకెళ్తూ నడుముకి గన్ పైకి కనబడేలా పెట్టుకున్న ఒకాయనది, చదవదగ్గ తీర్పు. పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు కూడా 2019లో దాచుకున్న గన్ విషయంలో ఇదే అంది.

ఇక మీకు పనికొచ్చే ముక్క. మార్టా కేసులో వచ్చిన ఆ చిక్కుని జార్జియా శాసనసభ 2014లో సరిచేసింది. గన్ పెట్టుకున్న మనిషిని కేవలం లైసెన్స్ ఉందా లేదా అని కనుక్కోవడం కోసమే ఆపి ఉంచకూడదని చట్టంలోనే రాసేశారు. 2022 ఏప్రిల్‌లో గవర్నర్ కెంప్ సంతకంతో పర్మిట్ లేకపోయినా అర్హత ఉన్నవాళ్లు క్యారీ చేయొచ్చన్న చట్టం కూడా వచ్చింది. కాబట్టి ఈ రోజు మీ ప్రశ్నకి జవాబు: చొక్కా కింద ఉబ్బు ఒక్కటే కారణమైతే ఆపకూడదు. మీరు చెప్పిన డ్రైవింగ్ లైసెన్స్ రూలు కూడా నిజమే, 1979 నాటి సుప్రీంకోర్టు తీర్పు అది.

కాకపోతే "కేవలం" అన్నచోటే అసలు పేచీ. ప్లాట్‌ఫామ్ మీద దొంగతనం జరిగింది, దొంగ ఇలా ఉన్నాడు అని వైర్‌లెస్‌లో చెబితే, మీరు ఆ పోలికకి సరిపోతే, అది వేరే కారణం. టికెట్ కొట్టకుండా గేటు దూకితే వేరే కారణం. తాగి ఊగుతుంటే వేరే కారణం. ఒకసారి వేరే కారణంతో సరైన పద్ధతిలో ఆపాక, గన్ ఉందని తెలిస్తే తడిమి చూసి అది తాత్కాలికంగా తీసుకోవడాన్ని కోర్టులు చాలావరకు తప్పుపట్టవు.

పాసింజరమ్మ:

కేసులు బాగా చెప్పారు గానీ రైల్లో పక్క సీట్లో కూర్చునేవాళ్ల తరఫున కూడా ఒక మాట అననివ్వండి. నేనూ అదే రైల్లో పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్తాను. ఎదురుగా ఉన్న మనిషి చొక్కా కింద గన్ కనబడితే ఆయనకి లైసెన్స్ ఉందో లేదో నా కంటికి తెలియదు కదా, దిగే స్టేషన్ దాకా ప్రాణం గుప్పిట్లోనే. రోడ్డు మీదైతే పక్కకి తప్పుకుంటాం, రెండు స్టేషన్ల మధ్య సొరంగంలో ఎక్కడికి తప్పుకుంటాం? పోలీసు ఒక్క నిమిషం ఆపి అడిగితే కొంపలేం మునిగిపోతాయి?

న్యూయార్క్ చూడండి, 2022 జూన్‌లో సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో బయట గన్ పెట్టుకోవడం హక్కే అని చెప్పగానే, ఆ సెప్టెంబర్ నుంచే సబ్‌వేలో, బస్సుల్లో లైసెన్స్ ఉన్నా గన్ కుదరదని చట్టం తెచ్చారు. ఇల్లినాయ్‌లో కూడా బస్సులు, రైళ్లలో నిషేధమే. దాన్ని 2024లో కింది కోర్టు తప్పుపడితే 2025 సెప్టెంబర్‌లో ఏడో సర్క్యూట్ మళ్లీ నిలబెట్టింది. అక్కడివాళ్లందరూ బుర్ర లేనివాళ్లా?

కోర్టుపక్షి:

@పాసింజరమ్మ, మీ భయం అబద్ధం అనను. రైల్లో గన్ ఉండాలా వద్దా అన్నది శాసనసభ తేల్చాల్సిన విషయం, మీరు చెప్పిన రాష్ట్రాలు వద్దని తేల్చాయి, జార్జియా సరే అంది. కానీ సరే అన్నాక, సరే అన్న పని చేస్తున్నవాణ్ణి పోలీసు తనకి నచ్చినప్పుడల్లా ఆపొచ్చు అంటే అది ఎవరికి తగులుతుందో ఆలోచించండి. సూటు వేసుకున్న తెల్లాయన్ని ఎవరూ ఆపరు. అర్ధరాత్రి షాపు కట్టేసి వచ్చే మనవాణ్ణి, అదే రైల్లో వచ్చే నల్లజాతి కుర్రాణ్ణి ఆపుతారు. అనుమానానికి కారణం చెప్పాలి అన్న నియమం ఉన్నది గన్ల మీద ప్రేమతో కాదు.

బస్సుడ్రైవర్_కాదు:

నాకు జరిగింది చెబుతా. ఏ ఊరు, ఏ బస్సు అన్నది వద్దు, జార్జియా మాత్రం కాదు. నాకు లైసెన్స్ ఉంది, అక్కడ బస్సులో గన్ తీసుకెళ్లడం చట్టబద్ధం. సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంది, కూర్చునే చోటు లేక పైనున్న కడ్డీ పట్టుకుని నిలబడ్డా. అలా చెయ్యి పైకెత్తినప్పుడు చొక్కా బెత్తెడు పైకి లేస్తుందని మనకి తోచదు. వెనక సీటావిడ హోల్‌స్టర్ క్లిప్ చూసి ఫోన్ చేసింది. రెండు స్టాపుల తర్వాత బస్సు ఆగిపోయింది, ముందు తలుపులోంచి ఇద్దరు, వెనక తలుపులోంచి ఒకరు ఎక్కారు.

వాళ్లు అరవలేదు, గన్ తీయలేదు, కానీ ముందున్నాయన చెయ్యి మాత్రం తన గన్ పిడి మీదే ఉంది. "చేతులు ఆ కడ్డీ మీదే ఉంచు" అన్నాడు. నేను కదల్లేదు, చెయ్యి కిందికి దించకుండానే నా దగ్గర గన్ ఉంది, కుడివైపు నడుము మీద, లైసెన్స్ పర్సులో ఎడమ జేబులో, అన్నాను. వెనకాయన గన్ లాగి తూటాలుండే మ్యాగజైన్ తీసి స్లయిడ్ వెనక్కి గుంజాడు, చాంబర్లో ఉన్న తూటా ఎగిరి నేల మీద పడి సీట్ల కిందికి దొర్లిపోయింది. ముగ్గురు పోలీసుల్లో ఒకాయన టార్చ్ పట్టుకుని బస్సు నేల మీద వంగి తూటా వెతుకుతుంటే బస్సంతా కాళ్లు పైకెత్తి కూర్చుంది. ఆ నిమిషంలో నాకు సిగ్గేసిందో కోపమొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

కిందికి దింపారు. లైసెన్స్ నంబరు రేడియోలో చెప్పి కాసేపు నిలబెట్టారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయని తేలాక గన్ ఒక చేతికి, మ్యాగజైన్ ఒక చేతికి ఇచ్చి, మేం వెళ్లేదాకా లోడ్ చేయొద్దు అన్నారు. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. తర్వాత కంప్లయింట్ రాశాను, బాడీ కెమెరా వీడియో కూడా పబ్లిక్ రికార్డ్స్ కింద అడిగి తెప్పించుకున్నాను, అందులో పోలీసులు బాగా మర్యాదగానే కనబడ్డారు, కంప్లయింట్ ఎక్కడికీ వెళ్లలేదు.

నేను చెప్పేది ఇంతే. చట్టం పాయింట్ ఏదున్నా, గన్ ఒంటి మీద ఉండగా అక్కడ వాదన పెట్టుకోవద్దు. చెయ్యి జేబు వైపు వెళ్లకూడదు. ముందు నోటితో చెప్పాలి, ఆయన సరే అన్నాకే చెయ్యి కదలాలి. 2016లో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ తన దగ్గర గన్ ఉందని మర్యాదగానే చెప్పాడు, లైసెన్స్ కూడా ఉంది, కారులో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే కాల్చేశారు. ఆ పోలీసు మరుసటి ఏడాది నిర్దోషిగా బయటికొచ్చాడు. అందుకే "గన్" అన్న మాట మొదట నోట్లోంచి రానివ్వకుండా "నాకు క్యారీ లైసెన్స్ ఉంది" అని మొదలుపెట్టమని చాలామంది ట్రైనర్లు చెబుతారు, అదీ చేతులు కదలకుండా.

ఆఖరి_రైలు:

బాబోయ్, ఆ తూటా సంగతి చదివితే కడుపులో తిప్పేసింది. థాంక్స్ అన్నా. అయితే ఒక అనుమానం. పోలీసు ఆపకుండా ఊరికే దగ్గరికొచ్చి "ఏంటి సంగతి, మీ దగ్గర గన్ ఉందా?" అని మామూలుగా అడిగితే? దానికి జవాబు చెప్పి తీరాలా?

కోర్టుపక్షి:

అక్కర్లేదు. ఎవరినైనా పలకరించడానికి, ప్రశ్న అడగడానికి పోలీసుకి ఏ అనుమానమూ ఉండక్కర్లేదు, అలాగే మీరు నోరు విప్పాల్సిన అవసరమూ లేదు. తమాషా ఏంటంటే ఈ విషయంలో పేరున్న రెండు కేసులూ బస్సుల్లోవే, ఫ్లోరిడావే. 1991లో బోస్టిక్, 2002లో డ్రేటన్. ఆగిన బస్సులోకి పోలీసులెక్కి సీటు సీటుకీ వచ్చి బ్యాగు చూడనిస్తారా అని అడిగారు. కాదంటే వదిలేస్తారని మామూలు మనిషికి అనిపిస్తే అది ఆపినట్టు కాదు, కాదనే హక్కుందని పోలీసు మీకు చెప్పాల్సిన పని కూడా లేదు అంది సుప్రీంకోర్టు. ఇరుకు బస్సులో, పోలీసులు పక్కనే నిలబడి ఉండగా "కాదు" అనగలిగే మామూలు మనిషి ఎక్కడుంటాడో ఆ జడ్జీలకే తెలియాలి.

అందుకని అడగాల్సిన ప్రశ్న ఒకటే. "నన్ను ఆపుతున్నారా, నేను వెళ్లొచ్చా?" వెళ్లొచ్చంటే నెమ్మదిగా వెళ్లిపోండి. లేదు, ఆపాం అంటే ఆగండి, లైసెన్స్ అడిగితే చూపించండి. "సోదాకి నేను ఒప్పుకోవడం లేదు, కానీ అడ్డుపడను" అని ఒకసారి స్పష్టంగా అనండి, అది కెమెరాలో ఉంటుంది. ఆ ఆపడం తప్పో ఒప్పో తేల్చేది ఆ తర్వాత, కోర్టులో.

ఇంకోటి, గన్ ఉందని అడక్కముందే చెప్పాలన్న రూలు జార్జియాలో లేదు. మిచిగన్‌లో, నార్త్ కరోలినాలో ఉంది, పోలీసు ఎదురుపడి మాట్లాడితే మనమే చెప్పాలి. రాష్ట్రం దాటేముందు ఇవి చూసుకోవాలి.

వీసా_వెంకన్న:

ఈ చర్చ చదివేవాళ్లలో సగం మంది హెచ్1బీ, ఎఫ్1 మీద ఉంటారు, వాళ్ల కోసం. అన్నయ్య గ్రీన్‌కార్డ్ కాబట్టి సరిపోయింది. జార్జియాలో పర్మిట్ కూడా అక్కర్లేదట కదా అని వీసా మీదున్నవాళ్లు గన్ ముట్టుకోకండి. నాన్ ఇమిగ్రెంట్ వీసా ఉన్నవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం, 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు, ఆ తర్వాత దేశం నుంచి పంపించడం ఉండనే ఉంది. మినహాయింపుల్లో మనలాంటివాళ్లకి ఎక్కువగా వినబడేది హంటింగ్ లైసెన్స్. రూమ్మేట్ గన్‌ని రేంజ్‌లో పట్టుకుని ఫొటో దిగి ఇన్‌స్టాలో పెట్టేవాళ్లని చూస్తుంటే నాకు చెమటలు పడతాయి, ఆ ఫొటోనే సాక్ష్యం బాబూ. వీళ్లని రైల్లో ఎవరైనా ఆపితే పైన చెప్పిన కేసులేవీ ఆదుకోవు.

పాసింజరమ్మ:

వెంకన్న గారు మంచి మాట చెప్పారు. నా అభిప్రాయం మారలేదు గానీ, @ఆఖరి_రైలు, పెట్టుకుంటే మాత్రం దయచేసి మంచి గట్టి హోల్‌స్టర్‌లో, ట్రిగర్ పూర్తిగా మూసేదాంట్లో పెట్టుకోండి, చొక్కా పొడుగ్గా ఉండాలి, పై కడ్డీ పట్టుకోకుండా నిలువు స్తంభం పట్టుకోండి. రైల్లో నిద్రపోవద్దు. అర్ధరాత్రి రైల్లో సగం మంది కునుకు తీస్తారు, గన్ పెట్టుకుని కునుకు తీసేవాడంటే నాకు పోలీసు కన్నా దొంగ భయం ఎక్కువ.

ఆఖరి_రైలు:

మీ మాట నిజమే అండీ, నిద్ర సంగతి నేను ఆలోచించనే లేదు. 2022 తర్వాత పర్మిటే అక్కర్లేనప్పుడు నా లైసెన్స్ గడువు అయిపోతే మళ్లీ రెన్యువల్ దండగేమో అనుకున్నాను, చేయించాలా? ఇంకొకటి, అదే రైలు ఎయిర్‌పోర్ట్ లోపలికే వెళ్తుంది కదా, బావమరిదిని ఎక్కించడానికి వెళ్తే గన్ ఉంటే ఇబ్బందా?

కోర్టుపక్షి:

రెన్యువల్ చేయించండి. స్కూలు నుంచి వెయ్యి అడుగుల్లోపు గన్ ఉండకూడదని ఒక ఫెడరల్ చట్టం ఉంది, ఆ స్కూలున్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్లకి దాన్నుంచి మినహాయింపు ఉంటుంది. పర్మిట్ అక్కర్లేదని వదిలేసినవాడికి ఆ మినహాయింపు రాదు. మీరు స్టేషన్ నుంచి ఇంటికి నడిచే దారిలో స్కూలుందేమో చూసుకోండి, ఊళ్లో వెయ్యి అడుగుల దూరంలో ఏదో ఒక స్కూలు తగలని దారి తక్కువ. పైగా ఐదేళ్లకోసారి చేసే పని, పోలీసు ఆపినప్పుడు విషయం త్వరగా తేల్చేది ఆ కార్డే.

ఎయిర్‌పోర్ట్‌లో జనం తిరిగే భాగం దాకా లైసెన్స్ ఉన్నవాళ్లకి ఇబ్బంది లేదు. సెక్యూరిటీ చెకింగ్ లైన్ మాత్రం దాటకూడదు, అక్కణ్ణించి ఫెడరల్ వ్యవహారం. అట్లాంటా చెకింగ్ దగ్గర 2021లో ఒక్క ఏడాదిలో 507 గన్లు దొరికాయి, దేశంలో అన్నిటికంటే ఎక్కువ, దాదాపు అందరూ చెప్పేది "బ్యాగులో ఉందని మర్చిపోయా" అనే. బావమరిదిని లైను ముందే వదిలి వెనక్కొచ్చేయండి.

ఆఖరి_రైలు:

సరే అన్నా. దసరాకి షార్లెట్‌లో చెల్లెలింటికి గ్రేహౌండ్ బస్సులో వెళ్దామనుకుంటున్నా, అందులో?

బస్సుడ్రైవర్_కాదు:

గ్రేహౌండ్‌లో గన్ అస్సలు ఎక్కనివ్వరు, కింద లగేజీలో కూడా. అది వాళ్ల కంపెనీ రూలు, లైసెన్స్‌తో సంబంధం లేదు. ఆమ్‌ట్రాక్ రైలైతే 24 గంటల ముందు ఫోన్ చేసి చెప్పి, తూటాలు తీసేసి తాళం వేసిన గట్టి పెట్టెలో చెక్‌డ్ లగేజీ కింద ఇవ్వాలి, ఒంటి మీద కుదరదు. పైగా షార్లెట్ నార్త్ కరోలినా, పోలీసు పలకరిస్తే గన్ సంగతి మీరే ముందు చెప్పాల్సిన చోటు. పండక్కి చెల్లెలింటికే కదా, షాపు లాకర్లో పెట్టి వెళ్లండి.